వల మసి

మా అన్న నా మొగుడి పొట్ట కోసిన పొద్దుట నేను ఇసుకలో గొంతుక్కూర్చుని చేపలు ఏరుతున్నాను. అరుపులు వినబడుతూనే ఉన్నాయి, తల ఎత్తలేదు. వలలు ఒడ్డుకు చేరే వేళ మా మగాళ్లు అరుచుకోని రోజంటూ ఉండేది కాదు, ప్రతి అరుపుకీ తల ఎత్తితే పని సాగదు. ఉన్నట్టుండి అరుపులు ఆగిపోయాయి. అప్పుడు చూశాను. నా మొగుడు మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి పేగు బయటికి వస్తోంది, తడితడిగా మెరుస్తూ. చేపల కడుపులు చీల్చి బతికేదాన్ని, అదేమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా అన్న కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాడి మొహంలో కోపం కూడా లేదు.

నేను ముందు పరిగెత్తింది మొగుడి దగ్గరికి కాదు, అన్న దగ్గరికి. చేతిలో ఉన్న తట్టతో వాడి మొహం మీద కొట్టాను. ముక్కు పగిలి నెత్తురొచ్చింది. "పారిపో సచ్చినోడా, నిన్ను సంపేస్తారు" అన్నాను. కొట్టిందీ నేనే, పారిపొమ్మన్నదీ నేనే. వాడు కత్తి పారేసి సరుగుడు తోటలోకి పరిగెత్తాడు.

ఎవరికి ఎవరు ఏమవుతారో ఇక్కడే చెప్పెయ్యాలి. నా అత్తగారు మా నాన్న చెల్లెలు, అంటే నాకు మేనత్త. కాబట్టి నా మొగుడు నాకు పుట్టినప్పటినుంచీ బావే, మా అన్నకీ బావే. ఇద్దరూ ఒకే తెప్ప మీద పెరిగారు. కత్తి పట్టినవాడు అత్తకి మేనల్లుడు, కత్తిపోటు తిన్నవాడు కన్నకొడుకు. ఆ మేనల్లుడికి చిన్నప్పుడు ఆవిడ తన పాలు కూడా ఇచ్చిందట. మా పల్లె భోగాపురానికి తూర్పున సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడ ఎవరు ఎవర్ని పొడిచినా ఏదో ఒక వరసవాణ్ణే పొడవాలి.

గొడవంతా నైలాను వల గురించి. అరవయ్యో దశకం చివరి రోజులవి. అప్పటిదాకా మా అందరివీ నూలు వలలే. చెట్టు బెరడు కషాయంలో ఉడకబెట్టి, ఇసుక మీద ఆరబెట్టి, చిరిగిన వల కన్ను చిరిగినట్టే కుట్టుకుంటూ వాటితోనే బతికేవాళ్లం. నా మొగుడు పల్లెలో అందరికంటే ముందు నైలాను వల తెచ్చాడు. అది వచ్చినప్పటినుంచీ అతని నడకే మారిపోయింది. ఆ రోజు నీళ్లలో మా అన్న నూలు వలా, ఇతని నైలాను వలా చిక్కుపడ్డాయి. అలాంటప్పుడు మా ఆచారం ఏమిటంటే ఇద్దరూ ఒడ్డున కూర్చుని ఎంతసేపైనా సరే ఓపిగ్గా చిక్కు తీసుకోవాలి. ఒకడి వలకి ఇంకొకడు కత్తి పెట్టకూడదు. నా మొగుడు పెట్టాడు. అన్న వల కోసి తన వల విడిపించుకున్నాడు. పైగా "నూలుదే కదేటి, ముడేసుకో" అన్నాడట. ఆ మాట ఇంకో మనిషి అన్నా మా అన్న ఊరుకునేవాడు కాదు, బావ అనేసరికి అసలు ఆగలేదు.

తడి పంచె పొట్టకి చుట్టి, మంచం మీద వేసి, రోడ్డు దాకా మోసుకెళ్లి, చేపల లారీ ఎక్కించాం. టౌను ఆసుపత్రిలో డాక్టరు చూడగానే లోపలికి తీసుకుపోయాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి, పొట్టిగా ఉండేవాడు, గొంతు మాత్రం ఆసుపత్రంతా వినిపించేది. చాలాసేపటికి బయటికొచ్చి, "పేగు తెగలేదమ్మా. కడిగి లోపల పెట్టి కుట్టేశాను. ఇక గాయం మానాలి. కత్తి చంపలేదు, చీము చంపకుండా చూసుకోవాలి" అన్నాడు. కత్తి చంపలేదన్న మాట విన్నాను, తర్వాతి మాట సరిగ్గా వినలేదు.

పోలీసులు వచ్చి అడిగితే అందరం ఒకే మాట చెప్పాం, జారి కత్తి మీద పడ్డాడని. అది ఎవరి మీదా ప్రేమతో చెప్పింది కాదు. మా పగ మేమే తీర్చుకోవాలన్న పంతం. ఆ పంతం మా మరిదిది. ఆసుపత్రి గేటు ఎదురుగా సోడా కొట్టు బల్ల మీద అతను కూర్చున్నాడు, తువ్వాల్లో చుట్టిన కత్తి ఒళ్లో పెట్టుకుని. మా అన్న బొబ్బిలిలో ఎండుచేపలు అమ్మే చుట్టాలింట దాక్కున్నాడని అతనికి తెలుసు. నేను కాఫీకి వెళ్లినప్పుడు నన్ను ఆపి చాలా నెమ్మదిగా చెప్పాడు.

"వదినా, అన్న లేసి నడిస్తే సరే. పీనుగై బయటికొచ్చేడో, ఆ సాయంత్రానికి నీ అన్న కూడా పీనుగే. ఏడుపులు రెండూ నువ్వే ఏడుసుకో."

నెమ్మదిగా చెప్పాడు కాబట్టే నమ్మాను. అరిచే మగాళ్లని చాలామందిని చూశాను, వాళ్లు అరుపుతోనే సగం తీర్చేసుకుంటారు. ఆ రోజునుంచీ నా మొగుడి పొట్ట మీది కుట్లు రెండు ప్రాణాలని పట్టుకుని ఉన్నాయి. అవి విడిపోతే ఇద్దరూ పోతారు, నాకు పుట్టిల్లూ ఉండదు, అత్తిల్లూ ఉండదు.

మొదటి రోజులు బాగానే గడిచాయి. అత్త నేల మీద చాప వేసుకుని కొడుకు మంచం పక్కనే ఉండేది. ఆవిడ పథ్యం ఆవిడది. నీళ్లు తాగితే గాయం నీరు పడుతుందని గొంతు తడవనిచ్చేది కాదు. పప్పు తింటే చీము పడుతుందని, ఆసుపత్రి వాళ్లిచ్చిన పప్పన్నం తీసుకెళ్లి కుక్కలకి పడేసేది. అతనేమో పెదాలు పగిలి, "నీలే, నీలు" అని నా కొంగు లాగేవాడు. ఆవిడ బయటికెళ్లగానే నేను చెంబెడు నీళ్లు తాగించేదాన్ని, దొరికితే పప్పన్నం పిసికి పెట్టేదాన్ని. డాక్టరు పెట్టమన్నాడు కాబట్టి పెట్టాను. డాక్టరు చెప్పకపోయినా పెట్టేదాన్నే. దాహంతో అల్లాడే మనిషిని చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు.

ఒక రోజు అత్త చూసింది. పళ్లెం నా చేతిలోంచి లాగి గోడకేసి కొట్టింది.

"పప్పెట్టి సంపుతన్నావా? నీ అన్న కోసింది సాల్లేదేటి?"

"డాక్టరు ఎట్టమన్నాడు అత్తా."

"డాక్టరుకేటి తెలుసు? ఆడు కన్నాడేటి ఈడ్ని?"

ఆ మర్నాడే జ్వరం మొదలైంది. ఇక నా గతి చెప్పక్కర్లేదు. మంచం వణికేటంత చలి, తర్వాత ఒళ్లంతా నిప్పు. పొట్ట మీద గాయం ఎర్రగా పొంగి, కుట్లు చర్మంలోకి కోసుకుపోతున్నాయి. కట్టు మీద పసుపుపచ్చ మరక రోజు రోజుకీ పెద్దదైంది. వాసన వచ్చింది. పక్క మంచాల వాళ్లు మొహం తిప్పుకుని పడుకునేవాళ్లు. పప్పు తిన్నాడు, చీము పట్టింది అని అత్త వార్డంతా చెప్పింది. గేటు దగ్గరికి వెళ్లి మరిదికీ చెప్పింది.

కుళాయి దగ్గర అతను నా జుట్టు పట్టుకున్నాడు. తల వెనక్కి లాగి, గొంతు మీద బొటనవేలు నొక్కి, "నీ అన్న మొదలెట్టింది నువ్వు పూర్తి సేస్తన్నావు" అన్నాడు. నా చేతిలో ఇత్తడి చెంబు నిండా నీళ్లున్నాయి. నిండు చెంబుతో అతని చెవి మీద కొట్టాను. వదిలేశాడు. చెవిలోంచి నెత్తురు కారుతుంటే చేత్తో తుడుచుకుని, "సూద్దాం" అని మళ్లీ బల్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు. నేను చెంబు కడుక్కుని నీళ్లు పట్టుకుని లోపలికి వచ్చాను. బాధ ఒక్కటే, ఇంకోసారి కొట్టలేదే అని.

డాక్టరు వచ్చి కట్టు విప్పి చూశాడు. గాయాన్ని వేలితో నొక్కాడు. నా మొగుడు కేక వేశాడు. "కుట్లు విప్పెయ్యాలి. ఇప్పుడే, ఇక్కడే" అన్నాడు. మత్తు లేదు. ఇద్దరు వార్డు మనుషులు కాళ్లు పట్టుకున్నారు, సిస్టరమ్మ ఒక చెయ్యి, నేను ఇంకో చెయ్యి. డాక్టరు కత్తెర పెట్టి ఒక్కో కుట్టూ కత్తిరిస్తుంటే గాయం తనంతట తనే నోరు తెరిచింది. చీము ఒక్కసారిగా తన్నుకొచ్చి డాక్టరు కోటు మీదా, నా చేతుల మీదా పడింది. వేడిగా ఉంది. వాసనకి కాళ్లు పట్టుకున్నవాళ్లలో ఒకడు వదిలేసి బయటికి పరిగెత్తాడు. ఆ కాలు విదిలించి నా మొగుడు డాక్టరు ఛాతీ మీద తన్నాడు. ఆయన వెనక గోడకి గుద్దుకుని, లేచి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ వచ్చాడు. "పట్టుకోండి, చచ్చిపోతాడు వెధవ" అన్నాడు. వేళ్లు లోపలికి పెట్టి గాయంలో మూలమూలా తిప్పాడు. నా మొగుడు తల తిప్పి నా ముంజేతి కండ కొరికాడు. పళ్లు దిగబడ్డాయి, వదలడు. రెండో చేత్తో చెంప మీద లాగి కొట్టాను. అప్పుడు వదిలాడు. చెంప దెబ్బకి కన్నీళ్లు తిరిగి, "కొట్టేవేటే" అన్నాడు, చిన్నపిల్లాడిలాగ. నాకు గుండె కరిగిపోయింది. అయినా చెయ్యి వదల్లేదు.

ఆ కొరికిన మచ్చ ఇప్పటికీ ఉంది. వర్షాకాలంలో దురద పెడుతుంది.

ఆ తర్వాత డాక్టరు కట్లు కట్టే డ్రెస్సర్ని పిలిచి వార్డు మధ్యలో నిలబెట్టి తిట్టిన తిట్లు నేను మా ఒడ్డున కూడా వినలేదు. ఒక మంచం దగ్గర వాడిన పట్టకారు ఇంకో మంచం దగ్గర వాడావా, చేతులు కడిగావా, గుడ్డలు ఉడకబెట్టావా అని. వాడు ఏడుస్తూ ఒట్టు పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి కోపం దిగకుండానే నాకూ పాఠం చెప్పాడు. గాయంలో చీము పప్పు వల్ల పట్టదు, నీళ్ల వల్ల పట్టదు. మురికి వల్ల పడుతుంది. చేపలు కోసిన కత్తికి ఉన్న మురికి, ముట్టుకున్నవాడి గోళ్లలో మురికి, ఈగ కాళ్ల మురికి, లోపల ఉండిపోయిన చచ్చిన కండ, బయటినుంచి వెళ్లిన ఏ వస్తువైనా. "పైన మూసుకుంటే సంతోషపడకు. కిందనుంచి పైకి పూడుకుంటూ రావాలి. అందుకే తెరిచి ఉంచి గుడ్డ కూరుతున్నాను. నీళ్లు బాగా ఇవ్వు. పప్పు పెట్టు, గుడ్డు పెట్టు. చేప కూడా పెట్టు" అన్నాడు.

చేప అనగానే అత్త చెవులు మూసుకుంది.

రోజూ అదే యుద్ధం. పాత గుడ్డ ఎండి కండకి అంటుకుపోయేది. దాన్ని పీకితే నెత్తురు. తర్వాత నురగ వచ్చే మందు పోసేవాళ్లు, గాయం నిండా తెల్లగా పొంగేది. తర్వాత బ్లీచింగు వాసన వేసే నీళ్లలో ముంచిన కొత్త గుడ్డ మళ్లీ కూరేవాళ్లు. పిరుదుల మీద సూది పొడవడానికి చోటు మిగల్లేదు. అతను అమ్మని తిట్టేవాడు, నన్ను తిట్టేవాడు, సముద్రాన్ని తిట్టేవాడు. మా అన్నని మాత్రం ఒక్క మాట అనలేదు. అది చూసి నాకు భయం వేసింది. తిట్టనివాడు మనసులో ఏదో దాచుకుంటాడు.

అంత చేసినా చీము ఆగలేదు. జ్వరం ఒక రోజు తగ్గి మర్నాడు తిరిగొచ్చేది. డాక్టరు గొంతు చిన్నదైంది, అది ఇంకా భయం. వరండాలోకి పిలిచి, "మానాలమ్మా ఇది. కుర్రవాడు, బలం ఉంది, మందులు పడుతున్నాయి. అయినా మానడం లేదంటే లోపల ఏదో ఉంది. ఈ చీము కింది పొర దాటి కడుపులోకి దిగితే నేను చేసేది లేదు. మళ్లీ మత్తు ఇచ్చి వెతుకుతాను" అన్నాడు. సోడా కొట్టు వైపు చూశాను. మరిది లేచి నిలబడి మా వైపే చూస్తున్నాడు. చెవికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

రెండోసారి లోపలికి తీసుకెళ్లారు. తలుపు బయట అత్తా నేనూ ఎదురెదురుగా గోడలకి ఆనుకుని కూర్చున్నాం. ఆవిడ కొంగు చివరి ముడిని వేళ్లతో నలుపుతూ అమ్మవారి పేరు తలుచుకుంటోంది. లోపలినుంచి చప్పుడు లేదు, ఈథరు వాసన ఒక్కటే వస్తోంది. మా అన్న ఈ వేళ ఏం తిన్నాడో అనుకున్నాను. నా మొగుడు లోపల చచ్చిపోతున్నాడేమో అనుకున్నాను. రెండు ఆలోచనలూ పక్కపక్కనే వచ్చాయి, ఏది ముందు వచ్చిందంటే చెప్పలేను.

డాక్టరు తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో చిన్న గిన్నె. నా ముక్కు కింద పెట్టి, "ఇదేమిటో చెప్పు" అన్నాడు.

నెత్తురూ చీమూ కలిసిన నీళ్లలో నల్లటి పలుకులు. ఆవగింజంతవి కొన్ని, మెంతిగింజంతవి కొన్ని. "గాయం మూలల్లో కండ సందుల్లో ఇరుక్కున్నాయి. ఒక చోట కాదు, అన్ని చోట్లా. ఇవి లోపల ఉన్నంతకాలం నా మందులన్నీ దండగ" అన్నాడు. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాను. నలగలేదు. గోరుతో గీస్తే గోరు జారింది. తుడిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చీము వాసన వెనక కాలిన వాసన.

నాకు తెలుసు ఆ పలుకు. నైలాను దారం తెంపినప్పుడు కొస విడిపోకుండా నిప్పు చూపిస్తాం. కొస కరిగి నల్లటి పూస కడుతుంది, ఆరాక రాయిలా గట్టిపడుతుంది. అలాంటి పూసలు మా ఇంటి గుమ్మం ముందు కాళ్లకి గుచ్చుకుంటూనే ఉండేవి.

ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. మా పల్లెలో వల మసి అని ఒకటుంది. మగవాడికి కత్తి తగిలినా, తెడ్డు తగిలినా, ఏ చేప ముల్లు దిగినా, అతని సొంత వల మూల ఒక పిసరు కోసి కాల్చి ఆ మసి గాయంలో పెడతారు. తనకి తిండి పెట్టిన వల తన గాయాన్ని కుడుతుందని నమ్మకం. సొంత వలే కావాలి, ఇంకొకరిది పనికిరాదు. నూలు వల కాలితే మెత్తటి మసి అవుతుంది, పౌడరు కంటే మెత్తన. పెట్టేవాళ్లు, కొందరికి మానేది, కొందరికి మానేది కాదు, మానని వాళ్ల గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. నా మొగుడి సొంత వల నైలానుది. అది మసి అవదు. కరిగి ముద్దవుతుంది. ఆసుపత్రికి వచ్చే ముందే ఆ ముద్దని ఇంట్లో రోట్లో వేసి దంచింది నా అత్త.

లేచి ఆవిడ కొంగు ముడి పట్టుకుని లాగాను. ఆవిడ రెండు చేతులతో గుప్పిట బిగించింది. వేళ్లు ఒక్కొక్కటీ విరిచినట్టే విప్పాను. ఆవిడ నా మొహం మీద రక్కింది. నేను ఆవిడ జుట్టు ముడి పట్టుకుని నేలకి వంచాను. వయసులో పెద్దదని చూడలేదు, మేనత్త అని చూడలేదు. ఇద్దరం వరండాలో దొర్లాం. సిస్టరమ్మ కేకలేస్తోంది, రోగులు మంచాలు దిగి గుమ్మాల్లోకి వచ్చారు. ముడి ఊడింది. నల్లటి పొడి, పలుకులు నేల మీద చిందాయి.

"ఎప్పుడెట్టేవు?" అన్నాను.

ఆవిడ రొప్పుతూ కూర్చుంది. దాచలేదు. దాచాలని కూడా ఆవిడకి తోచలేదు.

"కుట్టు కాడ నీరు కారతన్నాది కదేటి. నువ్వు కుళాయి కాడికెల్నావు. గాయం మసి తాగలేదు, అందుకే కారతన్నాది అనుకున్నాను. ఏలెట్టి లోనికి కూరేను. తరవాత డాక్టరు ఇప్పేసేడు గదా, ఇప్పేసినాక రోజూ ఎట్టేను. ఆడి తాతకీ అదే ఎట్టేరు, ఆడి బాబుకీ అదే ఎట్టేరు. మానినాయి కావేటి?"

"అయి నూలు వలలు అత్తా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. అర్థం కాలేదు. నేల మీద పలుకు ఒకటి ఏరి వేళ్ల మధ్య నలపబోయింది. నలగలేదు. మళ్లీ నలిపింది. అప్పుడు అర్థమైంది. ఆ మొహం నేను ఇక జన్మలో చూడకూడదనుకున్నాను.

ఈ లోగా గొడవ విని మరిది గేటు దాటి పరిగెత్తుకొచ్చాడు. తువ్వాలు ఎక్కడో పడిపోయింది, చేతిలో కత్తి బయటే ఉంది. తల్లి కింద కూర్చుని ఉంది, జుట్టు విడిపోయి, పెదవి చిట్లి. నేను ఆవిడ మీద నిలబడి ఉన్నాను. అతనికి ఇంకేం కావాలి. నా మీదికి వచ్చాడు.

నేను కదల్లేదు. ఎందుకు కదల్లేదంటే అప్పటికి నాకు భయపడే ఓపిక కూడా అయిపోయింది.

"పొడువు. కానీ ముందు ఇను. మా అన్న కోసిన గాయం డాక్టరు కుట్టేడు, అది మానేదే. సీము పట్టించింది మా అన్న కాదు, నా పప్పు కాదు. మీయమ్మ. అదిగో, ఆ గిన్నెలో ఉన్నాది. డాక్టర్ని అడుగు. మీ అన్న సచ్చిపోతే ఎవుర్ని పొడవాలో నువ్వే సెప్పు. బొబ్బిలి దాకా ఎల్లక్కర్లేదు, ఇక్కడే కూకుంది."

డాక్టరు గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాడు. కత్తి చూసి కూడా వెనక్కి పోలేదు. "ఆవిడ చెప్పింది నిజమే. ఇవి తీసేశాను. ఇక మీద ఎవరూ వేలు పెట్టకపోతే బతుకుతాడు. నువ్వు ఆ కత్తి తీసుకుని నా ఆసుపత్రిలోంచి బయటికి పో" అన్నాడు.

మరిది గిన్నెలోకి చూశాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ తల ఎత్తి, "పొడిసేయ్ రా" అంది. బతిమాలినట్టు అంది. ఆ కత్తి ఎవరి మీదో ఒకరి మీద దిగితే తప్ప అతనికి ఊపిరి ఆడేలా లేదు. గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. సాయంత్రానికి మా ఒడ్డు చేరి, నైలాను వలంతా కుప్ప వేసి కిరసనాయిలు పోసి అంటించాడట. అది మండుతూ కరుగుతూ కారుతుంటే కర్రతో పొడిచాడు. కరిగిన ముద్ద చేతికి అంటుకుంది. దులిపితే రాలేదు, చర్మంతో సహా ఊడింది. ఆ చేత్తో అతను మళ్లీ కత్తి సరిగ్గా పట్టుకోలేకపోయాడు. నాకు జాలి వేయలేదంటే అబద్ధం అవుతుంది, చాలా జాలి వేసిందన్నా అబద్ధమే.

పలుకులన్నీ పోయాక గాయం మారిపోయింది. చీము పలచబడి, ఆగింది. డాక్టరు చచ్చిన కండ నెత్తురొచ్చే దాకా కోసేవాడు. నెత్తురు కనబడితే, "ఇదీ బతికిన కండ" అని సంతోషపడేవాడు. అడుగునుంచి ఎర్రగా, గరుగ్గా కొత్త కండ లేచింది. నేను మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని గుడ్డ మార్చడం నేర్చుకున్నాను. నీళ్లూ పప్పూ చేపా అన్నీ పెట్టాను. అతను లేచాడు, నడిచాడు. పొట్ట ముందు గోడ పలచబడి, దగ్గితే మచ్చ దగ్గర ఉబ్బు కనబడేది, వల మాత్రం మళ్లీ లాగలేకపోయాడు. గట్టు మీద కూర్చుని అల్లేవాడు, నూలుదీ నైలానుదీ. మా అన్న ఊళ్లోకి తిరిగొచ్చిన రోజు నా మొగుడు తను కోసిన ఆ పాత వల బయటికి తీయించి, వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ కోత తనే కుట్టి ఇచ్చాడు. అతను మనసులో దాచుకున్నది అదేనని నాకప్పుడు తెలిసింది.

అత్త మాత్రం కొడుకుని మళ్లీ ముట్టుకోలేదు. అన్నం పళ్లెం నేల మీద పెట్టి వేళ్లతో అతని వైపు తోసేది. జ్వరం వస్తే గుమ్మం అవతలినుంచి, "ఒల్లు ఎలాగున్నాది, సూడవే" అని నన్ను అడిగేది. ఎవరూ వద్దనలేదు. అతనే ఎన్నోసార్లు "రాయే అమ్మా" అన్నాడు. ఆవిడ చేతులు వీపు వెనక దాచుకునేది. వరండాలో నేనన్న మాట నేను ఈనాటికీ వెనక్కి తీసుకోను, అది మా అన్న ప్రాణం కాపాడింది. కాని ఆ మాట ఆవిడ చేతులని ఏం చేసిందో రోజూ నా కళ్లతో చూశాను.

చాలా ఏళ్ల తర్వాత ఆవిడ మంచం పట్టింది. పోయే రోజు పొద్దున్న స్నానం నేనే చేయించాను. ఆ తర్వాత అతను వచ్చి పక్కన కూర్చుని, చొక్కా ఎత్తి, ఆవిడ చెయ్యి తీసుకుని పొట్ట మీది మచ్చ మీద పెట్టబోయాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒంట్లో బలం ఎక్కడిదో తెలియదు, అంత గట్టిగా లాక్కుంది. కొడుకు వైపు చూడలేదు. నా వైపు చూసింది, అడుగుతున్నట్టు.

"సబ్బెట్టి నీ సేతులు నానే కడిగేనత్తా," అన్నాను. "ఎట్టు."

అప్పుడు పెట్టింది.